నాన్న ట్రాన్సిస్టర్‌లో 648 పట్టే పద్ధతి

ఇంగ్లాండ్ తూర్పున కోల్‌చెస్టర్‌లో కాపురానికి వచ్చేటప్పుడు నాన్న ట్రాన్సిస్టర్‌ని చీరల మడతల్లో పెట్టి తెచ్చుకున్నాను. విజయవాడ స్టేషన్ 837 దగ్గర ఆయన బాల్‌పెన్‌తో పెట్టుకున్న గుర్తు ఇంకా చెరగలేదు. ఒకరోజు వంట చేస్తూ ముల్లు తిప్పుతుంటే మీడియం వేవ్‌లో 648 కిలోహెర్ట్‌జ్ దగ్గర పాత రాక్ పాటలు వినిపించాయి. రేడియో కారొలైన్! 1964 ఈస్టర్‌కి ఫీలిక్స్‌టో రేవు ఎదుట, బ్రిటన్ సముద్రపు హద్దు మూడు మైళ్లు దాటాక లంగరేసిన ఓడలో, లైసెన్స్ లేకుండా పుట్టిన స్టేషన్ అది.

ఈ తూర్పు జిల్లాల్లో ఉంటే మీరూ పట్టొచ్చు. ఇండియా సెట్టు సరిపోతుంది, అక్కడా ఇక్కడా స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్‌జే. అమెరికాలో కొన్న డిజిటల్ సెట్టయితే పదేసి చొప్పున దూకుతుంది. 640, 650 వస్తాయి కానీ 648 రాదు. సెట్టింగుల్లో 9కి మార్చుకోండి.

ముందు ఇంట్లో గోల తగ్గించాలి. అడాప్టర్ తీసేసి సెల్స్ వేయండి. ఎల్‌ఈడీ లైట్లు, ల్యాప్‌టాప్ చార్జర్ ఆపండి. మా ఇంట్లో బుర్రుమనే శబ్దానికి అసలు కారణం చేపల తొట్టి లైటు. అది తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది!

ఇప్పుడు అసలు కిటుకు. ఏరియల్ కడ్డీ లాగి లాభం లేదు, అది ఎఫ్‌ఎమ్‌కి. మీడియం వేవ్‌ని పట్టేది సెట్టు లోపల అడ్డంగా పడుకోబెట్టిన ఫెర్రైట్ కడ్డీ. రేడియోని బల్ల మీద పెట్టి, గడియారం ముల్లులా మెల్లగా తిప్పండి. ఒకచోట పాట దాదాపు చచ్చిపోతుంది. అంటే కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తోందన్నమాట. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పితే గొంతు నిండుగా వస్తుంది.

నేను అలా తిప్పి చూసినప్పుడు పాట చచ్చిన దిక్కు ఈశాన్యం. స్టేషన్ ఓడ రాస్ రివెంజ్ ఉన్నది దక్షిణాన, బ్లాక్‌వాటర్ నదిలో. మరి ఈశాన్యంలో ఏముంది? ఆర్ఫర్డ్‌నెస్. 2011 దాకా బీబీసీ వరల్డ్ సర్వీస్ ఇదే 648 మీద ప్రసారం చేసిన చోటు! కారొలైన్‌కి 2017లో లైసెన్స్ ఇచ్చాక పాటలు అక్కడి నుంచే వస్తున్నాయి.

లైసెన్స్ లేని ఆ పాత రోజుల్లో బ్రిటన్ ప్రభుత్వం చేసిన పని మన ఊళ్లలో వెలి వేయడం లాంటిదే. 1967 ఆగస్టు చట్టం ఓడ జోలికి పోలేదు, ఒడ్డుని కట్టేసింది. బ్రిటిష్ పౌరులెవరూ అందులో పనిచేయకూడదు, ప్రకటనలివ్వకూడదు, తిండీ నీళ్లూ ఇంధనమూ చేరవేయకూడదు. ఇలాంటిదే మరో ఓడ స్టేషన్, రేడియో లండన్, చట్టం అమల్లోకి రాకముందు మధ్యాహ్నమే మూసేసింది. కారొలైన్ మాత్రం అర్ధరాత్రి దాటినా ఆపకుండా, సరుకులకి హాలండ్ వైపు తిరిగింది. చివరికి 1968 మార్చిలో దాన్ని పడగొట్టింది పోలీసులు కాదు, బాకీ. సరుకులు మోసే డచ్ కంపెనీ డబ్బు రాలేదని అప్పటికి కారొలైన్‌కున్న రెండు ఓడల్నీ లాక్కుపోయింది. నాకైతే ఇదే అన్నిటికన్నా గట్టి దెబ్బనిపిస్తుంది.

తర్వాత మళ్లీ లేచారు. 1985లో సరుకు పడవల్ని కనిపెట్టడానికి ప్రభుత్వం ఒక ఓడని కాపలా పెట్టింది. 1987లో సముద్రపు హద్దు మూడు నుంచి పన్నెండు మైళ్లయింది. 1989 ఆగస్టులో డచ్ అధికారులు ఓడెక్కి పరికరాలు పీకేశారు, ఆ గొడవ కాస్తా ప్రసారంలో వినిపించింది.

వినడానికి పగలే మంచిది. చీకటి పడితే దూరపు స్టేషన్లు వచ్చి మీద పడతాయి. అప్పుడు ఉపాయం తిరగేయండి: కారొలైన్ గట్టిగా రావడం కాదు, అడ్డొచ్చేది చచ్చిపోయేలా సెట్టుని తిప్పండి. కుదిరిన చోట బల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే రోజూ వెతుక్కునే పని ఉండదు. విన్నాక సెల్స్ తీసేయండి. ఒకసారి అవి కారి నాన్న సెట్టులో స్ప్రింగులు తుప్పు పట్టాయి, వాటిని నిమ్మరసంతో రుద్దుకోవాల్సి వచ్చింది.