ఎండాకాలపు బరాత్‌కు పాత అంబాసిడర్‌ను పంపే ముందు: రాకర్లకు ఆయిల్ అందుతోందో లేదో చూసుకోండి

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యేసరికి వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల్లో పాత అంబాసిడర్లకు గిరాకీ వస్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం షెడ్డులో కవరు కింద నిలిచిన బండిని పూలతో అలంకరించి, డీజే వెనుక గంటల తరబడి నడక వేగంతో నడిపిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి వేడి 42 డిగ్రీలు దాటడం మామూలు కాబట్టి, పొద్దుపోయాక బయలుదేరిన బరాత్‌లోనూ రోడ్డు సెగ తగ్గదు. యజమానులు రేడియేటర్, బ్యాటరీ, టైర్లు శ్రద్ధగా చూసుకుంటారు గానీ, ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ విప్పి చూసేవారు తక్కువ. ఈ పనిలో అందరికన్నా ముందు దెబ్బతినేది మాత్రం ఆ కవర్ కిందున్న భాగాలే.

అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వాడిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్‌కు చెందినది. ఇందులో వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్, ఇంజన్ మొండెమైన బ్లాకులో కింద ఉంటుంది. దాని మీద ఆనిన ట్యాపెట్లు పుష్ రాడ్లను లేపుతాయి, అవి బ్లాకుకు మూతలా ఉండే హెడ్ మీద ఊయలలా ఊగే రాకర్లను కదిలిస్తాయి, రాకర్లు వాల్వులను తెరుస్తాయి. పంపు నుంచి వచ్చే ఆయిల్ ముందుగా క్రాంక్ షాఫ్ట్, క్యామ్ షాఫ్ట్ బేరింగులకు చేరి, అటుపైన సన్నని దారిలో హెడ్ గుండా ఎక్కి, బోలుగా ఉండే రాకర్ షాఫ్ట్‌లోకి వెళ్లి, దాని చిన్న రంధ్రాల ద్వారా ఒక్కో రాకర్‌కు అందుతుంది. రాకర్లను తడిపిన ఆయిలే పుష్ రాడ్ల సందుల్లోంచి కిందికి జారి ట్యాపెట్ల మీద పడుతుంది. అందువల్ల పైదారి మూసుకుపోతే రాకర్లతో పాటు కింది ట్యాపెట్లకు చేరే ఆయిల్ కూడా తగ్గుతుంది. డాష్‌బోర్డులోని ఆయిల్ లైటు దీన్ని పట్టించదు. అది చూపేది ప్రధాన దారిలోని ఒత్తిడిని మాత్రమే. రాకర్ల దారి పూర్తిగా పూడిపోయినా ఆ లైటు నిశ్చింతగా ఆరిపోయే ఉంటుంది.

బరాత్ వేగం ఎందుకు ప్రమాదకరమో కూడా తెలిసి ఉండాలి. క్రాంక్ చిమ్మే ఆయిల్ తుంపరలే క్యామ్, ట్యాపెట్లకు ముఖ్యమైన ఆధారం. ఐడిలింగ్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది గనుక తుంపరలు తగ్గుతాయి. వేగం తక్కువగా ఉన్నప్పుడే వాల్వ్ స్ప్రింగ్ బలమంతా క్యామ్ ముక్కు (దాని ఎత్తైన కొన) మీద నేరుగా పడుతుంది. వేడికి ఆయిల్ కూడా పలచబడితే, ఈ మూడూ కలిసి ఎండాకాలపు ఊరేగింపులో ఇంజన్‌ను పరీక్షిస్తాయి. కరీంనగర్ వరకు హైవే మీద ఒకే వేగంతో పోయిరావడం దీనికంటే ఇంజన్‌కు సుఖం.

కాబట్టి ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ కవర్ విప్పి స్టార్ట్ చేసి, వేగం పెంచకుండా ఐడిలింగ్‌లోనే గమనించండి. భుజాన కండువా, వదులు చేతుల చొక్కా వద్దు, ఫ్యాన్ దగ్గరలోనే తిరుగుతుంటుంది. సైలెన్సర్ వైపు వేడి మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే మంట అంటుకోవచ్చు గనుక పాతబట్టను సిద్ధంగా ఉంచుకోండి. కాసేపట్లో ఎనిమిది రాకర్ల దగ్గరా ఆయిల్ ఊరి, అంచుల వెంట మెల్లగా జారాలి. రెండు మూడు రాకర్లు తడిసి మిగిలినవి పొడిగా మెరుస్తుంటే, లేదా నల్లని మడ్డి మందంగా పేరుకుని ఉంటే, షాఫ్ట్ విప్పక తప్పదు.

విప్పడంలో చాలామంది తొందరపడే చోటు ఒకటుంది. ఈ ఇంజన్‌లో రాకర్ పీఠాలను పట్టి ఉంచే నట్లలో కొన్ని సిలిండర్ హెడ్‌ను కూడా బిగించి ఉంచుతాయి. వాటిని మాత్రమే వదులు చేస్తే హెడ్ వంగి, నీరు సిలిండర్లలోకి దిగే ప్రమాదం ఉంది. అందుకే ముందు రేడియేటర్ నీరు కొంత వదిలి, హెడ్ నట్లన్నింటినీ మాన్యువల్ చెప్పిన వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ పానా వాడాలి. షాఫ్ట్ బయటికి వచ్చాక దాని కిందివైపు గోటితో తడిమి చూడండి. రాకర్‌ను ఒక కొనన పుష్ రాడ్, మరో కొనన వాల్వ్ స్ప్రింగ్ పైకే తోస్తాయి కాబట్టి అరుగుదల ఎప్పుడూ అడుగునే వస్తుంది. గోరు ఆగేంత గాడి కనిపిస్తే శుభ్రం చేసి లాభం లేదు, షాఫ్ట్ మార్చాలి, రాకర్ బుష్‌లు చూపించాలి. బాగుంటే చివరి ప్లగ్గులు తీసి, లోపలి మడ్డిని కిరోసిన్‌తో కడిగి, ప్రతి రంధ్రంలో సన్నని తీగ పోనిచ్చి, గాలి కొట్టాలి. తిరిగి బిగించేటప్పుడు రంధ్రాలు మొదట ఉన్న వైపుకే ఉండాలి.

కొందరు బయటినుంచి ఒక పైపు తెచ్చి, ప్రధాన ఆయిల్ దారి నుంచి రాకర్ షాఫ్ట్‌కు నేరుగా కలిపించుకుంటారు. నా మట్టుకు ఇది ముందు చేయవలసిన పని కాదు. దారి శుభ్రంగా ఉంటే ఆ ఇంజన్‌కు అదనపు పైపు అవసరం పడదు. బేరింగులు అరిగిన ఇంజన్‌కు ఇలా చేస్తే కింద దక్కవలసిన ఒత్తిడి పైకి పోతుంది, హెడ్ మీద నిండిన ఆయిల్ పాత వాల్వ్ గైడ్ల గుండా దిగి నీలిపొగ వస్తుంది. ముహూర్తం ముందు హడావుడిగా ఇలాంటి మార్పులు అసలే వద్దు.

ఆయిల్ ఎంపికలో డబ్బాపై ఉన్న ధర కంటే గ్రేడు ముఖ్యం. మన ఎండలకు, ఈ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరిపోతుంది. కొత్త కార్లకు వాడే పలచని 5డబ్ల్యూ-30 వద్దు. క్యామ్, ట్యాపెట్ రాపిడిని తట్టుకునేది ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్ మిశ్రమం. కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎం ప్రమాణం పలచని గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది. 20డబ్ల్యూ-50 వంటి చిక్కని గ్రేడులకు ఆ పరిమితి వర్తించదు. అంతమాత్రాన విడిగా అమ్మే జింక్ సీసాలు అంచనాగా పోయకండి, మోతాదు మించితే అదే క్యామ్‌కు హాని చేస్తుంది.

మడ్డి పట్టిన ఇంజన్‌లో ఫ్లషింగ్ ద్రవం పోయడం కూడా నేను వద్దంటాను. ఒక్కసారిగా ఊడిన మడ్డి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోని జాలికి అడ్డుపడితే పంపుకే ఆయిల్ అందదు. చాంబర్ దించి జాలి కడిగి, ఫిల్టర్ మార్చి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆయిల్ మళ్లీ మార్చడం క్షేమం. నెలల తరబడి నిలిచిన బండిని నేరుగా స్టార్ట్ చేయకుండా, రాకర్ల మీద ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ లైటు ఆరే వరకు సెల్ఫ్‌తో తిప్పండి.

ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కు, వాల్వ్ కొనకు మధ్య సందు) మాన్యువల్ చెప్పిన కొలతకే పెట్టించండి. తొమ్మిది లెక్క ఈ ఇంజన్‌కు సులువు: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వదాని గ్యాప్, 6వది తెరుచుకున్నప్పుడు 3వదాని గ్యాప్ సరిచేయాలి, అంటే రెండు అంకెలూ కలిపి తొమ్మిది. శబ్దం పోవాలని గ్యాప్ తగ్గించమని అడగకండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. వాల్వ్ సీటుకు సీసం ఇచ్చే రక్ష లేక, పాత హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు లోపలికి దిగి గ్యాప్ దానంతటదే తగ్గుతూ వస్తుంది. గ్యాప్ లేని వాల్వ్ చప్పుడు చేయకుండానే కాలిపోతుంది.

బరాత్ రోజు ఐడిలింగ్‌ను మామూలు కంటే కొద్దిగా పెంచండి. చుట్టాలు ఆగి ఆడేటప్పుడు ఇంజన్ ఆపేయమని డ్రైవర్‌కు ముందే చెప్పి, పెళ్లివారితోనూ ఒప్పించండి. మరునాడు డిప్ స్టిక్ చూసి, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టండి. నిన్నటి వరకు లేని టకటక వినిపిస్తే, గ్యాప్ సరిచేసి ఊరుకోకుండా కవర్ విప్పి ఆయిల్ వస్తోందో లేదో చూపించండి. అది తేలే వరకు తర్వాతి ముహూర్తానికి బండి ఒప్పుకోవద్దు.