ఎండలు ముదరకముందే: ఓఆర్ఎస్ కలపడంలో లీటరు లెక్క తప్పవద్దు

2025 సెప్టెంబరులో విజయవాడ న్యూ రాజరాజేశ్వరి పేటలో అతిసారం ప్రబలి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. మరుసటి నెలలోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని తీపి పానీయాలకు ‘ఓఆర్ఎస్’ (విరేచనాలలో ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ భర్తీ చేసే ద్రావణం) అన్న పేరు వాడరాదని జాతీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. రోహిణి కార్తె దాకా మన బెజవాడ, గుంటూరు ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవారికి నీళ్లు కాచి తాగమనీ, చేతులు కడుక్కోమనీ మళ్లీ చెప్పనక్కరలేదు. పిల్లల వార్డులలో పదేపదే చూసిన ఒక్క పొరపాటు గురించే చెబుతాను.

లీటరు నీటిలో కలపవలసిన ఓఆర్ఎస్ పొడిని గ్లాసుడు నీటిలో కలపడమే ఆ పొరపాటు. ఒక తల్లి స్టీలు గ్లాసులో సగం ప్యాకెట్టు ఒంపి, మిగిలిన సగాన్ని మడిచి, రబ్బరు బ్యాండు చుట్టి తలగడ కింద దాచుకోవడం చూశాను. చిక్కగా ఉంటే బిడ్డకు బలమని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ప్రాణం మీదికి తెస్తుంది.

కారణం అయాన్లలో, అంటే విద్యుదావేశం గల కణాలలో ఉంది. సోడియం పరమాణువులో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఉప్పులో ఉండే సోడియం ఒక ఎలక్ట్రానును కోల్పోయి ధనావేశం గల అయానుగా మారి ఉంటుంది. మన రక్తంలో లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల సోడియం అయాన్లు ఉండాలి (మిల్లీమోల్ అంటే కణాల సంఖ్యను లెక్కించే కొలత). నరాల సంకేతాలూ, కండరాల కదలికలూ, కణాలలోని నీటి మట్టమూ ఆ లెక్క మీదే నడుస్తాయి. సరిగా కలిపిన ఓఆర్ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం, అంతే గ్లూకోజు, 20 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటాయి. గ్లూకోజు రుచి కోసం వేసినది కాదు. పేగు గోడలో ఉండే ఒక వాహకం సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది కనుకనే ఇంత చవకైన పొడి ఇన్ని ప్రాణాలు నిలబెడుతోంది.

అదే ప్యాకెట్టును 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే సోడియం లీటరుకు 375 మిల్లీమోల్‌ల గాఢతకు చేరుతుంది. అప్పుడు పేగు నీటిని పీల్చుకోవడానికి బదులు ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల నుంచి నీరు బయటికి పోతుంది, బిడ్డకు మూర్ఛ (ఫిట్స్) రావచ్చు. ఆ గ్లాసులో సగం ప్యాకెట్టే వేసినా గాఢత ఉండవలసిన దానికి రెండున్నర రెట్లు అవుతుంది. కాబట్టి పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీటిలోనే కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ అమ్ముతారు. అట్ట మీద రాసిన కొలత చదివిన తరువాతే కత్తిరించండి. చెంబుతో ఉజ్జాయింపు వద్దు, లీటరు సీసాతో కొలవండి.

ఎక్కువ నీటిలో పలచగా కలిపినా నష్టమే. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవారు చెమటతో పాటు సోడియాన్ని కూడా కోల్పోతారు. ఉప్పు లేని నీటినే గంటల తరబడి తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. వారికి ఉప్పు వేసిన మజ్జిగ మేలు.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి రక్తపోటు, గుండె మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా కొబ్బరి నీళ్లు ఎక్కువగా తాగరాదు, సోడియం తక్కువని అమ్మే ఉప్పు వాడరాదు. రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

ఇక వరుసగా చెబుతున్నాను, పాటించండి. పాలలో, పండ్లరసంలో, కూల్‌డ్రింకులో ఓఆర్ఎస్ కలపవద్దు. అదనంగా చక్కెర వేయవద్దు. కలిపాక కాచవద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, గోపురంగా కాదు, అంచుకు సమంగా. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు వేయవద్దు. జింకు ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో డాక్టరును అడగండి. పొడి ఎంత మిగిలిందన్న లెక్క వద్దు, లీటరుకు ఒక పూర్తి పెద్ద ప్యాకెట్టు, అంతే. కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు. స్పృహ తప్పినవారి నోట్లో చుక్క కూడా పోయవద్దు; పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేరగానే ఏ ప్యాకెట్టు, ఎన్ని నీళ్లలో కలిపారో డాక్టరుకు ముందుగా చెప్పండి, ఖాళీ కవరు వెంట తీసుకెళ్లండి.