తొలినాటి ఐరోపా ఐస్ హాకీ ఆటగాడి గురించి తెలుగులో వ్యాసం రాయడం ఎలా

హైదరాబాద్‌లో హాకీ అనగానే చాలామందికి గచ్చిబౌలి టర్ఫే మనసులో మెదులుతుంది కాబట్టి, ఇక్కడి పాఠకుల కోసం రాసేవారు ఇది మంచుమీద ఆడే హాకీ అని మొదటి వాక్యంలోనే స్పష్టం చేయాలి. తొలినాటి ఆటగాడిగా ప్రాగ్‌కు చెందిన కారెల్ పెషెక్‌ను ఎంచుకుందాం.

ముందుగా దేశం సంగతి తేల్చుకోవాలి. పెషెక్ 1895లో ఆస్ట్రియా-హంగరీ పాలనలో ఉన్న ప్రాగ్‌లో పుట్టాడు. చెకోస్లొవేకియా ఏర్పడింది 1918లో. అంతకుముందు 1911లోనూ 1914లోనూ ఐరోపా టైటిల్ గెలిచిన జట్టు పేరు బొహీమియా (ప్రాగ్ ఉన్న చెక్ ప్రాంతం). ఆ విజయాలను జట్టు వివరాలు చూడకుండా ఏ చెక్ ఆటగాడి ఖాతాలోనూ వేయకూడదు. ఇతనికి 'కాద్యా' అనే ముద్దుపేరు కూడా ఉంది కనుక పాత పత్రికల్లో రెండు పేర్లతోనూ వెతకాలి.

అసలు జాగ్రత్త పతకం దగ్గర అవసరం. 1920 ఏప్రిల్‌లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో, జట్టుకు ఏడుగురు చొప్పున ఆడిన ఆ పోటీలో, పెషెక్ ఉన్న చెకోస్లొవేకియా జట్టు కాంస్యం గెలిచిందని రాసి ఊరుకుంటే పాఠకుడు పొరబడతాడు. ఆ జట్టు కెనడా చేతిలో 15–0తోనూ, అమెరికా చేతిలో 16–0తోనూ చిత్తయింది. ఆ తరువాత యోసెఫ్ ష్రౌబెక్ కొట్టిన ఏకైక గోల్‌తో స్వీడన్‌ను 1–0తో ఓడించింది. మొత్తం మీద ఒక్క గోల్ చేసి, 31 గోల్స్ ఇచ్చిన జట్టుకు పతకం దక్కిందంటే, స్వర్ణం, రజతం, కాంస్యాలకు విడివిడిగా పోటీలు జరిపిన బెర్గ్‌వాల్ పద్ధతే కారణం. ఈ పద్ధతిని వివరించకుండా స్కోర్లు మాత్రమే ఇస్తే అవి అచ్చుతప్పుల్లా కనిపిస్తాయి. జట్టు జాబితాలో పేరున్నంత మాత్రాన ప్రతి మ్యాచ్‌లోనూ ఆడినట్లు కాదు గనుక, ఏ మ్యాచ్‌లో బరిలోకి దిగాడన్నది విడిగా సరిచూసుకోవాలి.

ఇక ఫుట్‌బాల్. పెషెక్ స్పార్టా ప్రాగ్ జట్టు కెప్టెన్‌గానే ఎక్కువ ప్రసిద్ధుడు. అదే ఏడాది, అదే ఒలింపిక్స్‌లో యుగోస్లావియాను 7–0తో, నార్వేను 4–0తో, ఫ్రాన్స్‌ను 4–1తో ఓడించి ఫైనల్ చేరిన ఫుట్‌బాల్ జట్టులోనూ అతడున్నాడు. సెప్టెంబర్ 2న బెల్జియంతో ఆ ఫైనల్ ఆడుతూ, 2–0తో వెనకబడి ఉండగా, రెఫరీ నిర్ణయాలకు నిరసనగా జట్టంతా మైదానం వదిలి వెళ్లిపోవడంతో అనర్హత వేటు పడింది, పతకం చేజారింది. నా మటుకు ఈ ఘట్టాన్ని ఫుట్‌బాల్ విభాగానికి నెట్టివేయకుండా, కాంస్యం గురించి చెప్పిన పేరా వెంటనే పెడతాను.