హాన్‌బోక్ ధరించిన స్త్రీని నీటిరంగుల్లో చిత్రించే పద్ధతి

కొరియా స్త్రీల సంప్రదాయ దుస్తులైన హాన్‌బోక్‌ను చిత్రించేటప్పుడు ముందుగా జొగోరి అనే పొట్టి పైవస్త్రాన్ని, రొమ్ము మీది నుంచి గంటలా విచ్చుకునే చిమా అనే పావడాను పెన్సిలుతో తేలికగా గీసుకోవాలి. జొగోరిలో ధరించినామె ఎడమవైపు అంచు కుడి అంచు మీదికి రావాలి. ఇది తప్పక గమనించాలి. మెడపట్టీ మీది సన్నని తెల్ల అంచుకు రంగు పూయకుండా కాగితాన్నే వదిలేయాలి, ఆ తెలుపే ముఖానికి వెలుగునిస్తుంది.

అనంతపురం వేసవిలో పూత చూస్తుండగానే ఆరి గీతలు కడుతుంది కనుక, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితాన్ని రెండువైపులా తడిపి, ఫ్యాను ఆపి, చెంపల పూతను ఉదయాన్నే ముగించడం మేలు. పావడాకు మాత్రం ఒక పలుచని పూత పూర్తిగా ఆరాకే మరొకటి వేయాలి. పట్టు మెరుపు అర్థం కావాలంటే ఇంట్లోని ధర్మవరం చీర మడతను కిటికీ వెలుగులో పరిశీలించండి. కాంతి మడత శిఖరం మీదే నిలుస్తుంది. జొగోరిని కట్టే గొరుమ్ అనే నాడాల ముడికి ఒకే ఉచ్చు ఉంటుంది, దాన్ని చివరగా సన్నకుంచెతో వేయాలి.