పర్సులో కార్డుంటే ఓటున్నట్టు కాదు

2025 ఆగస్టు 1న బిహార్‌లో ముసాయిదా ఓటర్ల జాబితా వచ్చింది. అంతకుముందు ఉన్న పేర్లలో సుమారు 65 లక్షలు అందులో లేవు. చనిపోయారని, ఇల్లు మారారని, రెండుచోట్ల ఉన్నారని కారణాలు చెప్పారు. బిహార్ సంగతి మనకెందుకులే అనుకోవద్దు. 2019 ఎన్నికల ముందు మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఓట్లు తీసేయమంటూ ఫారం-7లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో దొంగ కార్డుల గొడవ ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఇక్కడ ఎక్కువమంది ఓటు పోగొట్టుకునేది ఒకే తప్పుతో. ఓటరు కార్డుంది కదా అని జాబితాలో పేరు చూసుకోరు. పేరుండి కార్డు లేకపోతే ఆధారో, డ్రైవింగ్ లైసెన్సో, ఉపాధి హామీ జాబ్ కార్డో చూపించి ఓటేయొచ్చు. కార్డుండి పేరు లేకపోతే మాత్రం కలెక్టరు చెప్పినా వేయనివ్వరు.

పేరెలా పోతుంది? కొర్లగుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేసి తిరుచానూరు వెళ్తారు. ఊరు మారినట్టే అనిపించదు. కానీ తిరుచానూరు ఉన్న తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి నియోజకవర్గం కిందికి వస్తుంది. ఎమ్మెల్యే సీటే కాదు, ఎంపీ సీటూ తిరుపతి నుంచి చిత్తూరుకు మారిపోతుంది. బీఎల్వో, అంటే మీ బూత్ జాబితా చూసే అధికారి, పాత ఇంటికి వస్తే, కొత్తగా చేరినవాళ్లు 'వెళ్లిపోయారండీ' అంటారు. నోటీసు కూడా ఆ చిరునామాకే పోతుంది, తీసుకునే దిక్కుండదు.

చూసుకోవడం కష్టమేం కాదు. ఎన్నికల సంఘం ఓటర్ల వెబ్‌సైటులో కార్డు నంబరు కొట్టండి, లేదా 1950కి ఫోన్ చేయండి. పార్ట్ నంబరు, సీరియల్ నంబరు రాసిపెట్టుకోండి. తర్వాత మీ పార్ట్, అంటే మీ పోలింగ్ బూత్ జాబితా, పీడీఎఫ్ దించుకుని చివర్లో మార్పులు చూపే అనుబంధం దాకా చూడండి. తీసేసిన పేరు వెంటనే మాయమైపోదు. గడి మీద ఐమూలగా 'డిలీటెడ్' ముద్ర ఉంటుంది. దానితో ఉండే అక్షరం కారణం చెబుతుంది: ఎస్ అంటే ఇల్లు మారారని, ఆర్ అంటే పేరు రెండుసార్లుందని, ఈ అంటే చనిపోయారని. బతికున్న మనిషికి 'ఈ' కనబడితే ఆ రోజే బీఎల్వోను పట్టుకోండి.

ఇల్లు మారినవాళ్లు పెట్టాల్సింది ఫారం-8. చాలామంది కొత్తగా ఫారం-6 పెడతారు. మరెక్కడా ఓటు లేదని అందులో సంతకం చేస్తున్నారని గుర్తుపెట్టుకోండి. అది అబద్ధమైతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫారం-6 మొదటిసారి నమోదయ్యేవాళ్లకు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీల్లో ఏ రోజుకు 18 నిండినా చాలు, 17 దాటాక ముందే పెట్టుకోవచ్చు.

నామినేషన్ల చివరి రోజు గడువు దాటాక ఒక్క పేరు కూడా చేర్చరు. దరఖాస్తు మీద అభ్యంతరాలకు ఏడు రోజులు ఆగాలి, ఆపైన విచారణ. అందుకే నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు.

ఇక వరుసగా:

ఇంట్లో ప్రతి పేరూ విడివిడిగా చూడండి. కోడలి ఓటు పుట్టింట్లోనే ఉండిపోతుంది.

బెంగళూరు, చెన్నైల్లో ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కచోటే ఓటు ఉంచుకోండి.

ఫారం పార్టీవాళ్ల చేతికిచ్చి మరిచిపోవద్దు. రిఫరెన్స్ నంబరు తీసుకోండి.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

మీమీద ఎవరైనా ఫారం-7 పెడితే ఫారం-10 జాబితాలో వస్తుంది. అదీ చూడండి.

అన్యాయంగా తీసేస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి.

ఓటరు స్లిప్పు ఒక్కటే పట్టుకెళ్లొద్దు. అది గుర్తింపు కాదు.

కార్డు కాదు, జాబితా చూడండి. పోయినసారి ఓటేసినా సరే, ఈసారీ చూడండి.

మీ ఓటు ఎవరో వేసేశారంటే తలదించుకుని వెనక్కి రావద్దు. టెండర్ ఓటు అడగండి. మీరే ఆ ఓటరని అధికారికి రుజువైతే కాగితం బ్యాలెట్ ఇచ్చి తీరాలి.