విమానయాన రంగంలో పోటీని విశ్లేషించే పద్ధతి

భోగాపురం విమానాశ్రయం మన ముంగిట ఉన్నందున, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఎంబీఏ విద్యార్థులు ప్రాజెక్టు నివేదికకు విమానయాన రంగాన్ని ఎంచుకోవడం ఎంతో సమంజసం. అయితే ఒక రంగంలో లాభాలను నిర్ణయించేవిగా నిర్వహణశాస్త్ర ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1979లో ప్రతిపాదించిన ఐదు శక్తుల (సరఫరాదారులు, కొత్త సంస్థల రాక, సంస్థల మధ్య పోటీ, కొనుగోలుదారులు, ప్రత్యామ్నాయాలు) పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కదాని పక్కన ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని పెట్టినంత మాత్రాన అది విశ్లేషణ కాదు. విమాన సంస్థకు రావలసిన లాభం ఏ దారిన, ఎవరి చేతికి పోతోందో చూపగలగాలి.

సరఫరాదారులతో మొదలుపెట్టండి, నా దృష్టిలో మన దేశంలో అన్నిటికన్నా బలమైన శక్తి ఇదే. పెద్ద జెట్ విమానాలు కొనాలంటే ప్రధానంగా ఎయిర్‌బస్, బోయింగ్ తప్ప వేరే దారి లేదు, ఇంజన్లు చేసేవారూ కొద్దిమందే. 2023 మే నెలలో సర్వీసులు ఆపేసిన విమాన సంస్థ గో ఫస్ట్, ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజన్లు అందకపోవడమే అందుకు కారణమని చెప్పింది. ఆ ఇంజన్ల తయారీ సంస్థ ఆ వాదనను అంగీకరించలేదు కనుక నివేదికలో ఇద్దరి మాటలూ ఉండాలి. విమాన ఇంధనం జీఎస్టీ పరిధిలో లేదు. దానిపై ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటున వ్యాట్ వసూలు చేస్తుంది. విమానాల అద్దెలు ఎక్కువగా డాలర్లలో చెల్లించాలి, దేశీయ టికెట్ల రాబడి మాత్రం రూపాయల్లో వస్తుంది. రూపాయి విలువ పడిపోయిన ప్రతిసారీ ఆ తేడాను సంస్థే భరించాలి.

కొత్త సంస్థల రాకను పరిశీలించేటప్పుడు ప్రవేశాన్నీ మనుగడనూ విడదీయండి. విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉండగా 2016లో వచ్చిన విధానం, విదేశీ సర్వీసులకు ఐదేళ్ల అనుభవం ఉండాలన్న షరతును తొలగించింది. ఆకాశ ఎయిర్ 2022లో రంగంలోకి దిగింది. అయినా 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఎందుకు ఆగిపోయాయో వివరించకుండా ఈ భాగం పూర్తికాదు.

సంస్థల మధ్య పోటీకి దేశవ్యాప్త వాటా ఒక్కటే చాలదు. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఇండిగోవైపే ఉన్నారన్నది నిజమే కానీ, విశాఖ–హైదరాబాద్ వంటి ఒక్కొక్క మార్గంలో ఎన్ని సంస్థలు ఏయే వేళల్లో నడుపుతున్నాయో చూస్తేనే అసలు పోటీ తెలుస్తుంది. కొనుగోలుదారుల బలం ఎంతో కూడా ఇక్కడే తెలుస్తుంది: ఫోనులో ధరలు పోల్చుకునే ప్రయాణికుడికి, ఒకే సంస్థ నడిచే మార్గంలో పోల్చడానికి ఏమీ ఉండదు.

విమానానికి ప్రత్యామ్నాయాలైన రైలు వంటివాటితో పోల్చేటప్పుడు, ప్రయాణాన్ని ఇంటి గుమ్మం నుంచి లెక్కించండి. విశాఖ నగరంలోని విమానాశ్రయం శ్రీకాకుళానికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ ప్రయాణానికి రాత్రి రైలు గట్టి పోటీ ఇస్తుంది, ఢిల్లీకి ఇవ్వలేదు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా ఇచ్చే గణాంకాలు వాడి, ప్రతి అంకె పక్కన నెల, సంవత్సరం రాయండి. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో విలీనమైంది కాబట్టి అంతకుముందు వాటాలను తర్వాతి వాటితో నేరుగా పోల్చకూడదు.