గెడ్డ ఆరోగ్యం చూడటం నేర్చుకుందాం – 3: రాయి కింద ఎవరున్నారు?

మొదటి పాఠంలో గోస్థని పటం గీసుకున్నాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది అది. దారిలో దానిలో కలిసే గెడ్డల్లో, అంటే చిన్న వాగుల్లో, మీకు నడకదూరంలో ఉన్న ఒకదాన్ని రెండో పాఠంలో ఎంచుకున్నారు. దాని మీద రెండు చోట్లు గుర్తుపెట్టారు: ఊరికి పైన ఒకటి, ఊరు దాటాక ఒకటి. ఈరోజు నీళ్ళలోకి దిగుతున్నాం.

సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళు ఆ గడియలో ఎలా ఉన్నాయో చెబుతాయి. నిన్న రాత్రి ఎవరైనా పైన పురుగుమందు డబ్బా కడిగి ఉంటే, తెల్లారేసరికి అది కొట్టుకుపోయి ఉంటుంది, సీసాలో ఏమీ కనపడదు. రాయి కింద నెలల తరబడి బతికే పిల్లపురుగు ఎక్కడికీ పోలేదు. ఆ రాత్రి దాని మీదుగానే గడిచింది. అది బతికి ఉందా లేదా అన్నదే మనం చదవబోయే సాక్ష్యం.

కావలసినవి తక్కువే. అర మిల్లీమీటరు కన్నున్న నైలాన్ జాలీని చతురస్రపు చట్రానికి సంచిలా కుట్టి, కర్ర తగిలించండి. దోమతెర గుడ్డ వద్దు, దాని కన్ను పెద్దది, చిన్నవన్నీ జారిపోతాయి. తెల్లటి ట్రే, మెత్తటి బ్రష్, భూతద్దం, పెన్సిలు, నోటుబుక్కు. ఒంటరిగా మాత్రం దిగకండి. ఊళ్ళోవాళ్ళకి చెప్పి, వీలైతే ఒకరిని తోడు తీసుకెళ్ళండి. ఏ మడుగు లోతో, ఏ రాయి జారుతుందో వాళ్ళకి తెలిసినంత మనకు తెలియదు.

ఎప్పుడు వెళ్ళాలో కూడా ముఖ్యమే. తుఫాను వానలు తగ్గి, గెడ్డ తేటబడ్డాక నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నేను మొదటిసారి పెద్దవాన పడిన నాలుగో రోజునే వెళ్ళాను. ట్రేలో రెండు పురుగులు కనిపించాయి. గెడ్డ పాడైపోయిందని నోటుబుక్కులో రాసేసి, బాధపడుతూ తిరిగొచ్చాను. నెల తర్వాత అదే చోట ట్రే నిండా కదలికే. వరద రాళ్ళను దొర్లించి పురుగుల్ని ఊడ్చుకుపోతుంది, మళ్ళీ చేరడానికి వాటికి వ్యవధి కావాలి. పెద్దవాన తర్వాత కనీసం మూడు నాలుగు వారాలు ఆగండి.

ముందు కింది చోటుకి వెళ్ళండి, తర్వాత పైదానికి. పైన కెలికితే ఆ బురద, ఆ పురుగులు కిందికి వచ్చి లెక్క చెడిపోతుంది. నీళ్ళు రాళ్ళ మీద నురగతో పారే చోట వల మూతిని ప్రవాహానికి ఎదురుగా, అడుగుకి ఆనించి పట్టుకోండి. మీరు దానికి ఎగువన నిలబడి, కాలితో అడుగు రాళ్ళను కదపండి. రాళ్ళ కింద దాక్కున్నవి నీటితోపాటు వలలోకి వస్తాయి. మొత్తం మూడు నిమిషాలు, కానీ ఒక్కచోటే కాదు. కొంతసేపు ఉరవడిలో, కొంతసేపు గట్టు గడ్డి వేళ్ళలో, కొంత మడుగులో కుళ్ళుతున్న ఆకుల్లో. తర్వాత ఇంకో నిమిషం రాళ్ళను చేత్తో ఎత్తి అడుగు చూడండి. గట్టిగా అతుక్కున్నవి వలలోకి రావు. నీటి పెన్నీ అనే పెంకుపురుగు పిల్ల రాతికి చిల్లరనాణెంలా అంటుకుని ఉంటుంది, బ్రష్‌తో తప్ప ఊడదు. రెండు చోట్లా ఒకే సమయం, ఒకే తీరు పాటించకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు ట్రేలో ఒక అంగుళం నీళ్ళు పోసి, వల తిరగేయండి. రెండు నిమిషాలు కదపకుండా ఊరుకోండి. మొదట బురదే కనిపిస్తుంది, తర్వాత ఒక్కొక్కటే నడవడం మొదలెడతాయి. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన క్షణం ఇదే.

తొందరపడి పేర్లు పెట్టకండి. ముందు తోకలు చూడండి. మూడు తోకలూ, పొట్ట పక్కల ఆకుల్లాంటి మొప్పలూ ఉంటే మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. రెండు తోకలుంటే స్టోన్‌ఫ్లై అనే ఇంకో ఎగిరే పురుగు పిల్ల అని చాలామంది రాసేస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే రెండు తోకల మేఫ్లైలూ ఉన్నాయి. భూతద్దంతో కాలి చివర చూడండి. రెండు గోళ్ళుంటే స్టోన్‌ఫ్లై, ఒక్కటే ఉంటే మేఫ్లై. పీతలా పక్కకి పాకే చదునైన మేఫ్లై కనిపిస్తే సంతోషించండి, అది హెప్టజీనిడే కుటుంబం. ఇసుకరేణువులతో సన్నగొట్టం కట్టుకుని ఈడ్చుకుపోయేది కాడిస్‌ఫ్లై పిల్ల. గొట్టం లేకుండా, పొట్ట కింద కుచ్చుల్లాంటి మొప్పలతో, తాకితే ముడుచుకునేది హైడ్రోసైకిడే అనే కాడిస్‌ఫ్లై కుటుంబం. అది రాళ్ళ మధ్య సాలీడులా వల అల్లుకుని, నీళ్ళలో కొట్టుకొచ్చేది తింటుంది. తూనీగ పిల్లలు తెలిసినవే. నెత్తురు రంగులో మెలికలు తిరిగే సన్న పురుగు కైరోనమిడే.

ఆ ఎరుపుకీ మన రక్తం ఎరుపుకీ కారణం ఒకటే, హిమోగ్లోబిన్. ప్రాణవాయువు దాదాపు లేని బురదలో కూడా దాన్ని పట్టి ఉంచుకోగలదు కాబట్టే మురికి నీటిలోనూ బతుకుతుంది. స్టోన్‌ఫ్లైకి ఆ ఏర్పాటు లేదు. పారే చల్లటి నీరే దానికి ఊపిరి. 20 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీలకి వచ్చేసరికి 7.5కి పడిపోతుంది. గట్టు మీది చెట్లు నరికితే నీరు వేడెక్కి, ఒక్క చుక్క మురికి కలవకుండానే స్టోన్‌ఫ్లై వెళ్ళిపోతుంది. రెండో పాఠంలో గట్టు నీడ కొలవమన్నది ఇందుకే.

ఇక లెక్క. బ్రిటన్‌లో 1970ల చివర్లో మొదలైన బీఎండబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పద్ధతి ఒక్కో పురుగుల కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు ఇస్తుంది. కాలుష్యాన్ని ఓర్చుకోలేనివాటికి ఎక్కువ, ఓర్చుకునేవాటికి తక్కువ. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్నే ఆధారం చేసుకుని మన నదులకు జీవసంబంధ ప్రమాణాలు తయారుచేసింది. ఎన్ని పురుగులు దొరికాయన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కుటుంబాల మార్కులు కూడి, కుటుంబాల సంఖ్యతో భాగిస్తారు, అంతే.

అభ్యాసం కోసం ఊహించుకున్న ఉదాహరణ చూడండి. పై చోట పెర్లిడే స్టోన్‌ఫ్లై 10, హెప్టజీనిడే 10, లెప్టోఫ్లెబిడే మేఫ్లై 10, గోంఫిడే తూనీగ 8, హైడ్రోసైకిడే 5, నీటిపై గిరగిర తిరిగే గైరినిడే పెంకుపురుగు 5, బేటిడే మేఫ్లై 4. మొత్తం 52, ఏడుతో భాగిస్తే 7.4. మండలి పట్టీలో 7 దాటితే ‘ఎ’ తరగతి, శుభ్రమైన నీరు. కింది చోట సన్న తూనీగ కోయెనాగ్రియోనిడే 6, హైడ్రోసైకిడే 5, బేటిడే 4, లిమ్నేయిడే నత్త 3, కైరోనమిడే 2, నీటి వానపాములు 1. మొత్తం 21, ఆరుతో భాగిస్తే 3.5.

ఈ 3.5 ఏ తరగతి? ‘సి’కి 3 నుంచి 6, ‘డి’కి 2 నుంచి 5. రెండింటిలోనూ పడుతుంది. ఒకటి ఓ మాదిరి కాలుష్యం, ఇంకొకటి భారీ కాలుష్యం. ఈ ఒక్క మార్కుతో తేల్చలేం. అందుకే మండలి వైవిధ్యపు మార్కు అనే రెండోది కూడా పెట్టింది. అది వచ్చే పాఠంలో.

మంచి మార్కు వచ్చిందని ఆ నీళ్ళు తాగకండి. పురుగులు ప్రాణవాయువు గురించీ విషాల గురించీ చెబుతాయి, కలరా, టైఫాయిడ్ క్రిముల గురించి చెప్పవు. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం ఇళ్ళకు శుద్ధి చేశాకే చేరతాయి. గెడ్డ పక్క ఊళ్ళలో ఆ శుద్ధి ఎవరూ చేసి పెట్టరు, మరిగించమని వాళ్ళకూ చెప్పండి.

ఈ వారం పని రెండు చోట్లా వల వేయడం. ట్రేలోంచి పురుగుల్ని ఏరేటప్పుడు రకాలవారీగా కుప్పలు పెట్టకండి. ఏది ముందు చేతికొస్తే దాన్నే తీసి, అంతకుముందు తీసినదానిలాంటిదే అయితే ‘అదే’ అనీ, కాకపోతే ‘వేరు’ అనీ వరసగా రాసుకుంటూ పోండి. రెండో మార్కు ఆ వరసలోంచే వస్తుంది, కుప్పలు పెట్టాక దాన్ని తిరిగి తెచ్చుకోలేం. రాయడం అయ్యాక ట్రేని ఎండలో ఉంచకుండా, వాటిని తీసిన చోటే నీళ్ళలోకి మెల్లగా వంచేయండి.